ఇప్పచెట్ల మీది వైరు

మా ఇంట్లో నెట్ పెట్టె మీద ఎర్ర లైటు వెలిగితే నేను ఫోన్ చేసేది ఒకే నంబరుకి, ఊళ్లో నెట్ నడిపే అతని నంబరుకి. మొన్న చలి తగ్గుతున్న రోజుల్లో కూడా అలాగే చేశాను. రెండు రోజులుగా నెట్ లేదు. పత్రికకు పంపాల్సిన వ్యాసాన్ని సెల్‌ఫోన్లోంచి ఒక్కో పేరా ఎక్కిస్తూ విసిగిపోయి ఉన్నాను. అవతల ఫోన్ ఎత్తగానే, ఎత్తింది ఎవరో కనుక్కోకుండానే అందుకున్నాను.

"ఏందయ్యా, రెండు దినాలాయె. ఫోన్ చేస్తే ఎత్తవు, మెసేజ్ పెడితే చూడవు. నువ్వు గూడ పెద్ద కంపెనీ వాళ్ల లెక్క తయారైతివా?"

అవతల ఒక ఆడమనిషి గొంతు.

"సార్, నేను ఆయన భార్యను. మొన్న పోయిండు సార్. నిన్న మట్టి చేసినం."

ఆమే మళ్లీ అంది. "మీకు చెప్పలేకపోయినం. తప్పు మాదే సార్. రేపు ఎవర్నన్న పంపిస్త."

ఫోన్ పెట్టేశాక కూడా ఆ ఎర్ర లైటు మిణుకుమంటూనే ఉంది. జ్వరమని దవాఖానాలో చేరాడట. నాలుగు పదులు దాటి ఎంతో కాలం కాలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది చావు కబురు ఒక్కటే కాదు. భర్తను మట్టి చేసిన మర్నాడు ఒక ఆడమనిషి నా నెట్ రానందుకు నాకు క్షమాపణ చెప్పింది. ఆ మాట ఆమెకు ఎక్కడ అలవాటైందో నాకు తెలుసు.

మా ఊరు మణుగూరుకూ భద్రాచలానికీ నడుమ రోడ్డు మీద ఉంటుంది. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి. ఇక్కడ నెట్ సరిగ్గా రావాలంటే నాలుగు రకాల అదృష్టం కలిసిరావాలి. గాలి ఉండకూడదు, ఉరుము ఉండకూడదు, రోడ్డు పని జరగకూడదు, కోతులు ఇంకో వైపు వెళ్లి ఉండాలి. ఈ నాలుగింటికీ ఊళ్లో బాధ్యుడు అతనొక్కడే. మొదట టీవీ కేబుల్ నడిపేవాడు. తర్వాత దాని మీదే నెట్ వైరు లాగాడు. పాత మోటార్ సైకిల్, దాని వెనక చుట్టగా కట్టిన నల్ల వైరు, చొక్కా జేబులో టెస్టరు. ఆదివారం పొద్దున మాత్రం తెల్లచొక్కాతో చర్చికి వెళ్లేవాడు. ఆ చొక్కా జేబులో కూడా టెస్టరు ఉండేది.

ఇంట్లోకి వచ్చేటప్పుడు గేటు దగ్గరే చెప్పులు విడిచేవాడు. నెట్ పెట్టె దగ్గరికి పోయి ముందు దాని వీపు మీద అరచేతి వెనక వైపు ఆనించి చూసేవాడు, జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురు చూసినట్టు. తర్వాత జేబురుమాలు తీసి తుడిచేవాడు. ఆ తర్వాత, సమస్య ఏమిటో తెలియకముందే, ఆ మాట అనేవాడు.

"తప్పు నాదే సార్."

మా ఆవిడ ఆ పెట్టెను ముందుగదిలో అద్దాల బీరువా లోపల, ఇత్తడి సామాన్ల వెనక పెట్టి తాళం వేసేది. వంటింట్లోకి నెట్ రావడం లేదని మళ్లీ ఆమెదే గొడవ.

"అక్కా, దీనికి ఊపిరాడుతలేదు," అన్నాడతను ఒకరోజు బీరువా ముందు గొంతుక్కూర్చుని. "చుట్టూ బిందెలు, చెంబులు. ఇందులకెళ్లి సిగ్నల్ ఎట్ల బయటికొస్తది?"

"బయట పెడితే పిల్లి కింద పడేస్తది."

"మేకు కొట్టి పైన పెడ్త. మొదటి దినమే పెట్టాల్సింది. తప్పు నాదే."

పెట్టెను నడిమింటి గోడకు ఎత్తుగా బిగించాడు. ఆ తర్వాత ఫోన్‌ను అరచేతిలో పెట్టుకుని, పళ్లెంలో నీళ్లు తొణకకుండా తీసుకెళ్తున్నట్టు, గదిగదికీ నడిచాడు. వంటింటి గుమ్మం దగ్గర ఆగి, "ఫ్రిజ్ దాటినాంక సగమే వస్తుందక్కా," అన్నాడు.

"వంటింట్ల నాకెందుకయ్యా నెట్!" అంది మా ఆవిడ. ఆ మాట అంటున్నప్పుడు పొయ్యి పక్కన పోపుల పెట్టెకు ఆనించిన ఆమె ఫోన్లో సీరియల్ ఆగి ఆగి నడుస్తోంది. అతను దాన్ని చూశాడు, నవ్వలేదు. ఫ్రిజ్‌ను ఒక జానెడు పక్కకు జరిపాడు. దానివల్ల లాభం కలిగిందో లేదో నాకు తెలియదు. అతనికీ తెలుసని నేననుకోను. అతను పెద్ద పనిమంతుడేమీ కాదు. సగం రోగాలకు అతని మందు ఒకటే, ఒకసారి ఆపి మళ్లీ వెయ్యమనడం. కానీ పిలిస్తే వచ్చేవాడు, వచ్చి తప్పు ఒప్పుకునేవాడు. అక్కడికి మా కోపం సగం దిగిపోయేది.

మా పక్కింట్లో బొగ్గు బావిలో ఓవర్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి ఉంటాడు. నెట్ నడిపేవాణ్ని ఆటపట్టించడం ఆయనకు సరదా.

"ఏంరా, కోతులు వైరు తెంపినయంట. అది గూడ నీదే తప్పా?"

"అవ్ సార్. కోతులు తిరిగే జాగల ఏసిన గద."

"మరి నిన్న పిడుగు పడ్డది. అది గూడ నువ్వే ఏసినవా?"

"పిడుగు నేనెయ్యలే సార్. మబ్బు జూసి మీకు ఫోన్ చెయ్యాల్సింది, ప్లగ్గు తియ్యమని. అది నా తప్పే."

అరుగు మీద అందరం నవ్వేవాళ్లం. గోదావరి పొంగి భద్రాచలం రోడ్డు మునిగిన ఏడు కూడా ఇంటింటికీ ఫోన్ చేసి తప్పు నాదే అన్నాడు. కరెంటు పోతే ఎవరిని అనాలో తెలియదు. బస్సు రాకపోతే ఎవరిని తిట్టాలో తెలియదు. ఈ ఊళ్లో తిట్టడానికి చేతికందిన మనిషి అతనొక్కడే. మేమంతా అతన్ని బాగానే వాడుకున్నాం.

వైరు మా ఊరికి ఎటునుంచి వస్తుందో నేను చాలా కాలం పట్టించుకోలేదు. ఒకసారి అడిగితే, అడవి దారిలో కొంత మేర చెట్లకు కట్టానన్నాడు. "అక్కడ పోలు పాతాలంటే పర్మిషన్ గావాలె సార్. అది వచ్చేటాలకు మనం ముసలోళ్లమైతం." వార్తకు ఏదైనా దొరుకుతుందేమోనని ఒకరోజు పొద్దున్నే అతని బండి వెనక కూర్చుని వెళ్లాను. అది ఇప్పపువ్వు రాలే కాలం.

రోడ్డు వారన ఇప్పచెట్లు వరసగా ఉన్నాయి. వాటికి కట్టిన వైరు చెట్టుకూ చెట్టుకూ నడుమ మనిషెత్తుకు జారి వేలాడుతోంది. అడవిలో ఇప్పచెట్లు ఎవరివి వాళ్లకే ఉంటాయి. కాగితం మీద కాదు. ఎవరి తాత ఏ చెట్టు కింద ఏరాడో ఆ చెట్టు ఆ ఇంటిది. ఈ వరస పక్క గూడెంలోని ఒక ముసలామెది. ఇంట్లో ఆమె మాట్లాడేది కోయ మాట, మాలాంటి వాళ్లతో తెలుగు. పువ్వు నేల మీద కనబడాలంటే చెట్టు కింది ఎండుటాకు పోవాలి. అందుకని ఆకును ఊడ్చి కుప్పలు చేసి, నిప్పు పెట్టి, నేలను శుభ్రం చేస్తారు. ఆ మంట సెగ పైనున్న వైరుకు తగిలితే కరిగిపోతుంది.

అందుకు వాళ్లిద్దరి మధ్య ఒక ఒప్పందం ఉంది. నిప్పు పెట్టే ముందు ఆమె కబురు పంపుతుంది. అతను వచ్చి, పంగ ఉన్న పొడుగాటి కర్రతో వైరును పైకొమ్మల్లోకి ఎత్తి నిలబెడతాడు. ఎత్తాకే ఆమె అంటిస్తుంది. బూడిద చల్లారాక అతను మళ్లీ దించుకుంటాడు. కర్ర చెట్టుకే ఆనించి ఉంటుంది, మరుసటి కుప్ప కోసం.

"అవ్వా, ఈ సారు పేపరాయన," అని నన్ను పరిచయం చేశాడు.

"పేపరాయనైతే ఏంది, పువ్వు తొక్కకుండ నడవమను," అంది ఆమె. నేను కాళ్లు ఎత్తి ఎత్తి వేస్తూ వెనక్కి జరిగాను. "వైరు ఎత్తినవా?"

"ఎత్తిన అవ్వా."

"ఎత్తినవని చెప్పుడు గాదు, నేను సూడాలె." నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తల పైకెత్తి, వైరు కొమ్మల్లో కనబడేదాకా వెతికింది. కనబడ్డాకే అగ్గిపుల్ల గీసింది.

ఆకు మండిపోతుండగా అడిగింది. "ఈ తాడుల ఏమొస్తది పిలగా?"

"సినిమాలు, మాటలు, బొమ్మలు, అన్నీ వస్తయ్ అవ్వా."

"మరి మా గూడెం మీదికెళ్లే పోతుంది గద, మాకు రాదేం?"

అతను అలవాటుగా అనేశాడు. "తప్పు నాదే అవ్వా."

ఆమె అతని వైపు ఎగాదిగా చూసింది. "నీదెట్లయితది? నువ్వేమన్న సర్కారువా? ఊకె గట్లనకు. చెయ్యని తప్పు నెత్తిన పెట్టుకుంటే, రేపు చేసిననాడు ఏమంటవ్?"

అతను నవ్వి ఊరుకున్నాడు. నేనూ నవ్వాను. వేయించిన ఇప్పపువ్వు ఆకుదొప్పలో పోసి మా ఇద్దరికీ ఇచ్చింది. ఊరికి వచ్చి ఆ ఒప్పందం మీద ఒక చిన్న వార్త రాద్దామనుకున్నాను. రాయలేదు. అప్పుడది పెద్ద విషయంగా తోచలేదు.

ఆ మరుసటి ఏడు అదే కాలంలో, ఒకరోజు మధ్యాహ్నం ఊరంతా ఒక్కసారి నెట్ పోయింది. ఇంటింటా ఎర్ర లైట్లు. ఏదో పరీక్షకు ఆన్‌లైన్ దరఖాస్తులు పెట్టుకునే రోజులవి. మీసేవ కేంద్రం ముందు జనం గుమిగూడారు. అతనికి ఫోన్ మీద ఫోన్. కాసేపటికి అతని కస్టమర్లందరికీ వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. 'ఇప్పపువ్వు ఏరేవాళ్లు పెట్టిన మంటకు మెయిన్ వైరు కాలిపోయింది. రేపటివరకు నెట్ రాదు. సహకరించగలరు.'

అందులో తప్పు నాదే అన్న మాట లేదు. ఆ లోటు ఆ రోజు ఎవరికీ కనబడలేదు. మేం ఆ మెసేజ్‌ను నలుగురికీ పంపే పనిలో ఉన్నాం. నేనూ పంపాను, విలేకరుల గ్రూపుకి. ఎవరు ఎవరికి పంపారో, సాయంత్రానికి అది అడవి కాపలా చూసేవాళ్ల ఫోన్లకు చేరింది. అడవిలో నిప్పు పెట్టకూడదన్నది నిబంధన. మర్నాడు వాళ్లు వచ్చి ఆ వరసలో చెట్ల కిందికి ఆ సీజనంతా ఎవరూ రావద్దని చెప్పి వెళ్లారు.

ఆ పువ్వే ఆ ముసలామె ఇంటికి ఏడాది పొడుగునా ఆసరా. ఎండబెట్టి కొంత సంతలో అమ్ముతారు, కొంత తిండి దొరకని వానాకాలానికి దాచుకుంటారు. ఆ ఏడు రాలిన పువ్వు రాలినట్టే ఉండిపోయింది. పశువులు కొంత తిన్నాయి. మిగిలింది నేల మీద పులిసిపోయింది. మణుగూరు పోతూ వస్తూ ఆ మలుపు దగ్గర ఆ వాసన నాకు బండి మీదే తగిలేది. ముక్కు మూసుకుని దాటిపోయేవాణ్ని.

వానలు పడ్డాక ఒకరోజు మా ఇంట్లో నెట్ నత్తనడక నడుస్తుంటే అతను వచ్చాడు. పెట్టెను గోడ మీంచి దించి తుడుస్తున్నాడు. నేను వేళాకోళంగా అన్నాను. "ఈసారేంది, వానలో గూడ అవ్వ మంట పెట్టిందా?"

తుడుస్తున్న చెయ్యి ఆగింది. పెట్టెను ఒళ్లో పెట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయాడు.

"సార్, అవ్వ మంట పెట్టలే."

ఆ రోజు పొద్దున ఆమె కబురు పంపిందట, కుప్పలు చేశాను, వచ్చి వైరు ఎత్తమని. అతను పోలేదు. ఊళ్లో కొత్తగా రెండంతస్తుల ఇల్లు కట్టిన ఒక ఆసామి, మేడ మీదకు నెట్ రావడం లేదని పొద్దుటి నుంచీ అతన్ని కదలనివ్వలేదు. పెట్టెను ఈ గదిలోకి, ఆ గదిలోకి మార్పించి, చివరకు తన ఒక్క ఇంటికే విడిగా లైను కావాలన్నాడు. దానికోసం ఇప్పచెట్ల దగ్గరున్న జాయింటు పెట్టె విప్పాలి. మధ్యాహ్నం వెళ్లి విప్పాడు. తొందరలో కొత్త వైరు లాగుతుంటే పాతది పుటుక్కుమంది. అతికే మిషను కొత్తగూడెం నుంచి తెప్పించాలి, మర్నాటిదాకా పని కాదు. అప్పటికే ఫోన్లు మోగుతున్నాయి.

"ఎదురుంగ అవ్వ చేసిన కుప్ప ఉన్నది సార్. అంటుకోలే. నేను రాలేదని అట్లనే ఇడిచిపెట్టి పోయింది. ఆ కుప్పను జూసుకుంటనే మంటకు కాలిందని మెసేజ్ కొట్టిన." పెట్టె మీద లేని దుమ్మును వేలితో తుడుస్తున్నాడు. "అందరికీ తప్పు నాదే అంట గద సార్. ఆ ఒక్కనాడు నోరు రాలే."

నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది. "అయిపోయిందేదో అయిపోయింది. ఇప్పుడు చెప్తే పువ్వు తిరిగొస్తదా? ఊకో."

ఆ మాటలో జాలి లేకపోలేదు. తొందర ఎక్కువ ఉంది. సాయంత్రం నాకు ఆన్‌లైన్ మీటింగు ఉంది, పెట్టె అతని ఒళ్లో ఉంది.

అతను ఊరుకోలేదు. ఆ రాత్రే అందరికీ ఇంకో మెసేజ్ పెట్టాడు. 'ఎండాకాలంల వైరు మంటకు కాలలేదు. నేనే తెంపిన. తప్పు నాదే.' కొందరు దండం పెట్టిన చేతుల బొమ్మ పంపారు. కొందరు బొటనవేలు చూపించారు. ఎక్కువమంది ఏమీ అనలేదు. మర్నాడు మా అరుగు మీద ఓవర్‌మన్ సారు అతన్ని చూసి పెద్దగా నవ్వాడు.

"నాకు తెల్వదారా? ఆ ముసలామెను కాపాడనీకె నీ మీద ఏసుకుంటున్నవ్."

"కాద్సార్. నిజంగనే నేను తెంపిన."

"ఇగ సాలు తియ్. ఈ ఊర్ల నీ తప్పు కానిది ఏమున్నదని!"

అందరూ నవ్వారు. అతను ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. చివరకు నా వైపు చూశాడు. నిజం తెలిసినవాణ్ని అక్కడ నేనొక్కణ్నే. నేను పేపరు తిరగేశాను.

అడవి కాపలావాళ్ల దగ్గరికి కూడా వెళ్లి చెప్పాడట. సీజన్ అయిపోయింది కదా, ఇప్పుడెందుకన్నారట. అప్పుడు నా దగ్గరికి వచ్చాడు. "సంతకు పోదాం సార్. అవ్వకు చెప్పాలె. ఒక్కన్నే పోతే మధ్యలకెళ్లి తిరిగొస్తనేమో."

సంతలో ఆమె గోనెసంచి పరుచుకుని పుట్టగొడుగులు, అడవి దుంపలు పెట్టుకుని కూర్చుంది. అతను ఎదురుగా నిలబడ్డాడు.

"అవ్వా."

"కొంటవా, ఊకె నిలబడుతవా?"

"ఆనాడు మంట నువ్వు పెట్టలే."

"నేను పెట్టలేదని నాకు తెల్వదా?"

"వైరు నేనే తెంపిన. నీ మంట వల్లనే అని చెప్పింది గూడ నేనే."

ఆమె ఎవరికో పుట్టగొడుగులు ఆకులో చుట్టి ఇచ్చింది. ఇచ్చాక చేతులు చీర కొంగుకు తుడుచుకుంది.

"కుప్ప జూసినవా?"

"చూసిన."

"అంటుకోలేదని జూసినవా?"

"చూసిన అవ్వా."

"చూసి గూడ చెప్పినవ్."

"అవ్. తప్పు చేసిన."

"చేసినవ్," అంది ఆమె.

మా ఊళ్లో అతను ఆ మాటంటే ఎదుటివాళ్లు పోనీలే అంటారు, నవ్వుతారు, లేదా ఇంకో రెండు తిడతారు. ఆమె అవేవీ చెయ్యలేదు. అతను చెప్పింది విన్నది, విన్నదాన్ని అతనికే తిరిగి చెప్పింది. కాసేపటికి గొంతు పెరిగింది.

"వానల్ల మా ఇంట్ల ఏం తింటున్నమో చూస్తవా? రా, చూపిస్త. నా బిడ్డ కూలికి పోతుంది, నేను దుంపలు తవ్వుతున్న. నువ్వు రాలేదని ఆనాడు అగ్గిపుల్ల గియ్యలే నేను. నీ తాడు కాలుతదని గియ్యలే!" చుట్టుపక్కల బేరాలు ఆగాయి. "నా చెట్ల మీదికెళ్లి నీ వైరు తీసుకపో. మల్లొచ్చే సంత లోపల తియ్యాలె. కర్ర గూడ తీసుకపో."

"తీస్త అవ్వా."

తిరిగొచ్చేటప్పుడు, ఊరు దగ్గర పడుతుండగా, బండి మీద తల కొంచెం వెనక్కి తిప్పి అన్నాడు. "తిట్టింది సార్." కొంత దూరం పోయాక మళ్లీ అన్నాడు. "నిజంగ తిట్టింది." అతని భుజాలు చాలా రోజుల తర్వాత దిగి, మామూలుగా కనబడ్డాయి.

అన్నట్టే వైరు తీసేశాడు. ఇంకో రోడ్డు వెంట, దొరికిన గోడలూ స్తంభాలూ పట్టుకుని చుట్టూ తిప్పి తెచ్చాడు. ఆ దారిలో వెదురు లారీలు పోతూ వైరును లాగేసేవి. వాన పడితే జాయింట్లలోకి నీళ్లు దిగేవి. నెట్ మునుపటికంటే ఆగి ఆగి వచ్చింది. చెట్ల మీది వైరు ఎందుకు తీశావని ఎవరడిగినా, అవ్వకు అన్యాయం చేశాను, అందుకు తీశానని ఉన్నదున్నట్టు చెప్పేవాడు. వాళ్లు తలూపి, స్పీడు ఎప్పుడు పెరుగుతుందని అడిగేవాళ్లు.

ఒక్క మార్పు వచ్చింది అతనిలో. మా ఆవిడ ఒకరోజు ఫోన్ చేస్తే అటునుంచి, "కోతులు కొరికినయ్ అక్కా. నేనేం జేస్త? పొద్దుగూకేటాలకు వచ్చి జేస్త," అన్నాడట. ఆమె ఫోన్ పట్టుకుని ఆశ్చర్యపోయింది. వానను వాన అన్నాడు, పిడుగును పిడుగు అన్నాడు. మాలాగే పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేసిన ఇంకో ఇంట్లో, "అది మీ తప్పే సార్, తీసి బయట పెట్టుకోండ్రి," అన్నాడట. తాను జాయింటు సరిగ్గా వెయ్యని రోజు మాత్రం తన తప్పు అనేవాడు, ఒక్కసారి, మెల్లగా. ఊళ్లో అతనికి పొగరెక్కిందని చెప్పుకున్నారు. ఇంకో కంపెనీ వస్తే మారిపోతామన్నారు. నిజం చెప్పాలంటే నాకు కూడా ఆ పాత మాట లేక వెలితిగానే ఉండేది. తిట్టినప్పుడు పడే మనిషికి అలవాటు పడి ఉన్నాను.

మట్టి చేసినప్పుడు వెళ్లలేకపోయాను గనుక, చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడికకు వెళ్లాను. వాళ్ల ఇంటి ముందు షామియానా వేశారు. పాస్టరు గారు ప్రార్థన చేశాక, తెలిసినవాళ్లు రెండేసి మాటలు చెప్పమన్నారు. ఓవర్‌మన్ సారు లేచి కళ్లు తుడుచుకుంటూ చెప్పాడు. "ఎవరి తప్పైనా తన మీద ఏసుకునేటోడు. కోతుల తప్పు గూడ, వాన తప్పు గూడ. ఒక్క తప్పు చెయ్యని మనిషి." అందరూ తలలూపారు. తర్వాత నన్ను పిలిచారు. నేను లేచాను. పత్రికల్లో ఎన్నో నివాళులు రాసినవాణ్ని, వాక్యాలు వాటంతటవే వచ్చాయి. వినయమనీ, మంచితనమనీ, నిందను మోసే గుణమనీ చెప్పి కూర్చున్నాను.

భోజనాల దగ్గర అతని భార్య నా పక్కకు వచ్చి నిలబడింది. "పప్పు ఎయ్యమంటరా సార్," అని అడిగింది. వేశాక, గిన్నె పట్టుకుని అక్కడే ఆగి, వేరేవాళ్లకు వినబడకుండా అంది. "మీకు తెల్సు గద సార్. మీకొక్కరికే తెల్సని చెప్పేటోడు."

నేను పప్పు కలుపుకోవడం మొదలుపెట్టాను. ఆమె గిన్నెతో పక్క వరసకు వెళ్లింది.

ఇప్పుడు మళ్లీ ఇప్పపువ్వు రాలుతోంది. కొత్తగా వచ్చే కుర్రాడు మా నెట్ బాగు చేసి వెళ్లాడు. రెండంతస్తుల ఇంటి మీద ఏదో కొత్త నెట్ కంపెనీ సిగ్నల్ గొట్టం లేచింది. నేను ఒకరోజు పొద్దున బండి తీసుకుని ఆ మలుపు దగ్గరికి వెళ్లాను. ముసలామె ఆకు ఊడుస్తోంది. నడుము ఇంకొంచెం వంగింది. నేను పువ్వు తొక్కకుండా నడిచి దగ్గరికి పోయాను. గుర్తుపట్టినట్టు లేదు.

"అవ్వా, వైరు కట్టినాయన పోయిండు. చెప్దామని వచ్చిన."

చీపురు ఆగింది. "నా మీద అబద్ధం చెప్పినోడా?"

"అవ్ అవ్వా."

"ముసలోడు గాదు గద."

"కాదు. జ్వరమొచ్చింది."

మళ్లీ ఊడ్చింది కాసేపు. కుప్పను చీపురుతో ఎగదోస్తూ అడిగింది. "మీ ఊర్ల ఏమంటుండ్రు ఆయన్ని?"

"మంచోడంటుండ్రు. ఒక్క తప్పు చెయ్యలేదంటుండ్రు."

ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుని నిటారుగా లేచింది.

"చెయ్యకపోతే నా ముంగట వచ్చి ఎందుకు నిలబడ్డడు? గట్ల అనొద్దను వాళ్లను. చేసిండు. చేసి, వచ్చి చెప్పిండు." నా ముఖం పరీక్షగా చూసింది. అప్పుడు గుర్తుపట్టిందనుకుంటాను. "ఆ మాట ఫోన్లల్ల మీరందరు తిప్పిండ్రంట గద. మీరెవ్వరు రాలే."

చెప్పాల్సిన మాట నా గొంతు దాకా వచ్చింది. మా ఊళ్లో ఎన్నిసార్లు విన్నానో ఆ మాట. విన్నప్పుడు అది అనడం ఇంత కష్టమని తెలియదు. నేను కూడగట్టుకునే లోపల ఆమె కొంగుముడిలోంచి అగ్గిపెట్టె తీసింది.

"జరుగు, అంటిస్తున్న."

నేను పక్కకు జరిగాను. ఆమె పుల్ల గీయబోయి ఆగింది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తల పైకెత్తి, కొమ్మల్లోకి వెతుకుతున్నట్టు చూసింది. అక్కడ వైరు లేక రెండేళ్లు దాటింది. చూశాకే నిప్పు పెట్టింది.